చెలియలికట్ట దాటిన నాడు

తెలుగులో చెలియలికట్ట అనే మాట ఒకటి ఉన్నది. నీరు ఇంతవరకే రావలెనని సముద్రపుటొడ్డున ఎవరో కట్టిన కట్ట అది. రాళ్లతో కట్టినది కాదు, కంటికి కనిపించేదీ కాదు. అయినా కడలి దానిని దాటదని మన పెద్దల నమ్మకం. సంస్కృతంలో దీనికి దగ్గరగా ఉండే శబ్దం వేల. ఆ శబ్దానికి తీరమని, హద్దు అని, కాలమని మూడర్థాలు ఉన్నవి. మనం రోజూ వాడుకునే వేళ అనే మాట దాని నుండి పుట్టినదే. నీటికి హద్దు, దినానికి హద్దు ఒకే మాటలో ఇమిడి ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే తోచుతుంది. దివ్యగ్రంథంలోని మొదటి పుట చెప్పే విషయం కూడా ఈ రెండు హద్దులను గురించినదే కదా.

నేను ఈ మాటలు వ్రాస్తున్నది బతు బస్తీ నుండి. దక్షిణ అండమాన్‌లో, 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఆనుకొని ఉన్న ఊరు ఇది. ఈ పేరు తెలుగు చెవికి బతుకు బస్తీ అని వినిపిస్తుంది. వ్యుత్పత్తి ఏదైనా కానీ, ఇక్కడి తెలుగువారికి ఆ విధంగా వినిపించడమే న్యాయం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల తీరగ్రామాల నుండి ఓడలెక్కి, బతుకు వెదుక్కుంటూ వచ్చినవారు మావాళ్లు. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మంది. అందులో కతోలికులు కొద్దిమందే. దివ్యబలిపూజ మాకు ఎక్కువగా హిందీలోనే దక్కుతుంది. ప్రక్కన కూర్చున్నవారు రాంచీ వైపు నుండి వచ్చిన ఉరావులో, ముండాలో, ఖడియాలో అయి ఉంటారు. లేదా తమిళులో, మలయాళీలో. అడవులు నరికే పనికి 1918 నుండి ఛోటానాగపూర్ కూలీలను ఇక్కడికి తీసుకొని రావడంలో అక్కడి కతోలిక మిషన్ పాత్ర ఉన్నది. ఆ కూలీల వెంట వచ్చిన విశ్వాసమే క్రమంగా సంఘమై, 1984లో పోర్ట్ బ్లెయిర్ మేత్రాసనంగా ఏర్పడినది. ప్రధానాలయం సముద్రతార అయిన మరియమాత పేరిట ఉన్నది. ద్వీపవాసులకు ఇంతకంటె తగిన పేరు దొరకదు.

ఇంటిలో మాత్రం మేము తెలుగు దివ్యగ్రంథాన్నే చదువుతాము. ఆదికాండంలోని మొదటి అధ్యాయాన్ని సృష్టి జరిగిన కథగా చదివేవారే ఎక్కువ. నిజానికి అది కథకంటె జాబితాకు, జాబితాకంటె స్తోత్రానికి దగ్గరగా ఉంటుంది. అందులో దేవుడు చేసే పనిని గమనించినట్లయితే, మొదటి మూడు దినాలలో ఆయన ఏ వస్తువునూ చేతితో మలచినట్లు కనిపించదు. ఆయన వేరుపరచుతాడు. వెలుగును చీకటి నుండి, పైనీటిని క్రిందినీటి నుండి, నేలను సముద్రం నుండి. వేరుపరచిన వెంటనే పేరు పెడతాడు: పగలు, రాత్రి, ఆకాశం, భూమి, సముద్రం. తరువాతి మూడు దినాలలో ఆ చోట్లను నింపుతాడు. వెలుగు చీకట్లకు జ్యోతులు, ఆకాశానికి పక్షులు, నీటికి చేపలు, నేలకు మృగాలు, మనిషి. ముందు చోటు, తరువాత ఆ చోటుకు తగిన ప్రాణి. ఇల్లు కట్టి పిల్లలను తెచ్చుకునే గృహస్థు పద్ధతి ఇది.

ఈ అధ్యాయం ప్రస్తుత రూపం పొందినది బబులోను చెరకాలంలోనో, దానికి సమీపంలోనో అని బైబిలు పండితులలో చాలామంది అభిప్రాయం. అంటే క్రీస్తుకు పూర్వం ఆరవ శతాబ్ది. యెరూషలేము కూలిపోయినది, దేవాలయం కాలిపోయినది, జనం పరదేశానికి తరలింపబడినారు. అక్కడ వారు విన్న సృష్టికథ వేరు. ఎనూమా ఎలిష్ అనే బబులోను కావ్యంలో మర్దూకు దేవుడు ఉప్పునీటి రూపమైన తియామతును చంపి, ఆమె దేహాన్ని రెండుగా చీల్చి ఆకాశాన్నీ భూమినీ చేస్తాడు. అక్కడ క్రమం యుద్ధం వల్ల వచ్చినది; సముద్రం చంపదగిన శత్రువు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ఆ చెరవారి కలం నుండి వచ్చిన ఆదికాండంలో యుద్ధం లేదు. శత్రువూ లేదు. అగాధజలం ఉన్నది, చీకటి ఉన్నది. దేవుడు వాటితో పోరాడడు, మాట్లాడతాడు. పొరుగువారు దేవతలుగా కొలిచిన సూర్యచంద్రులకు ఇందులో పేర్లు కూడా లేవు. పెద్ద దీపం, చిన్న దీపం, అంతే. ఓడిపోయిన జాతి ఇంత ప్రశాంతమైన పుటను వ్రాయగలగడం సామాన్యమైన విషయం కాదు. స్వదేశం నుండి కదిలి వచ్చినవారితో నిండిన ఈ ద్వీపాలలో ఆ పుటను చదివేటప్పుడు, అది మనవంటివారు మనవంటివారికే వ్రాసినదని అనిపిస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. ఆ పుటలో దినం సాయంకాలంతో మొదలవుతుంది. ముందు మాపు, తరువాత రేపు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం మన కాకినాడ సమీపంగా పోతుంది. మేము దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నాము. అంటే మా సూర్యుడు మా గడియారం కంటె దాదాపు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంకాలం అయిదు దాటగానే చీకటి పడుతుంది. కార్యాలయాలలోని గడియారం కాకినాడది, ఆకాశంలోని దీపం అండమాన్‌ది. ఈ రెండింటి మధ్య బతికే మాకు, మనిషి చేసిన క్రమం వేరు, సృష్టిలోని క్రమం వేరు అని బోధించడానికి ప్రత్యేకంగా ఉపదేశి అవసరం లేదు.

క్రమం అనే మాటను పొగిడేటప్పుడు ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. ఈ ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన సెల్యులర్ జైలు ఉన్నది. అదీ క్రమమే. నడుమ ఒక గోపురం, దాని నుండి చక్రపు ఆకులవలె ఏడు భవనాలు, సుమారు 700 గదులు. ఒక భవనంలోని గదుల ముఖం ప్రక్క భవనం వీపు వైపు ఉండేటట్లు కట్టినారు; ఒక బందీకి ఇంకొక బందీ ముఖం కనబడరాదు. అక్కడ కూడా జరిగినది వేరుపరచడమే. అయితే దేవుడు వేరుపరచి పేరు పెట్టినాడు. జైలు వేరుపరచి సంఖ్య ఇచ్చినది. దేవుడు పగటిని రాత్రి నుండి వేరుచేసినది ఒకదాని వెంట ఒకటి రావడానికి. నేలను నీటి నుండి వేరుచేసినది రెండూ ఒడ్డున కలుసుకోవడానికి. ఒడ్డే లేని వేరుచేత జైలు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో ద్వీపాంతర శిక్ష అనుభవించి, తరువాత 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు. సంఖ్యగా పంపబడినవాడు పేరుతో తిరిగి వెళ్లినాడు. ఏడు భవనాలలో ఇప్పుడు మూడే మిగిలినవి. వాటిని చూసినప్పుడల్లా, క్రమమన్నదల్లా దైవికమని చెప్పే బోధకులను నేను సులభంగా నమ్మలేను.

ఇక 2004 డిసెంబరు 26 సంగతికి రావలెను. అది ఆదివారం, క్రిస్మస్ మరునాడు, కతోలిక పంచాంగంలో తిరుకుటుంబపు పండుగ, మన పంచాంగంలో మార్గశిర పౌర్ణమి. ఉదయం ఆరున్నరకు ఒక నిమిషం ముందు సుమత్రా దగ్గర భూమి కదిలినది. ఆ చీలిక ఉత్తరంగా మా ద్వీపాల క్రిందుగా దాదాపు 1,300 కిలోమీటర్లు సాగినది. అలలను గురించి అందరూ విన్నారు. అండమాన్ నికోబార్‌లలో మూడు వేలమందికి పైగా మరణించినారు, గల్లంతైనారు. అందులో అధికభాగం నికోబార్ ద్వీపాలవారు. అలలకంటె తక్కువగా చెప్పుకునే విషయం ఇంకొకటి ఉన్నది. ఆ ఉదయం నేలే తన స్థానం మార్చుకున్నది. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం ఒక మీటరు దాకా కుంగినది. గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, దీపస్తంభం నీటిలో నిలిచినది. దీనికి విరుద్ధంగా ఉత్తర అండమాన్ వైపు నేల పైకి లేచి, పగడపు దిబ్బలు గాలికి బయటపడి చచ్చిపోయినవి. ఒక ద్వీపమాల ఒక కొస మునిగి, ఒక కొస తేలినది.

మా దగ్గరలోని సిప్పీఘాట్‌లో వరిచేలు ఉండేవి. అల వచ్చి పోతే వాటిని ఉప్పు కడిగి మళ్లీ సాగుచేసి ఉండేవారు. కాని నేల కుంగినది కాబట్టి నీరు వెనుకకు పోలేదు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి పాత గట్ల మీదుగా చేలలోకి నడిచినది. ఒకప్పుడు దమ్ముచేసిన మళ్లు సముద్రంలో భాగమైనవి.

ఆ తరువాతి నెలలలో ఒకనాడు, శ్రీకాకుళం వైపు నుండి వచ్చి ఇక్కడ వేట చేసుకునే ఒక వృద్ధుడు నన్ను అడిగినాడు. ఆయన కతోలికుడు కాడు, గంగమ్మను కొలిచేవాడు. అయితే నేను పిల్లలకు చెప్పే దివ్యగ్రంథపు కథలను అరుగు మీద కూర్చొని వినేవాడు.

"మాష్టారూ, మీ పుస్తకంలో సంద్రానికి దేవుడు గీత గీసీసినాడని సెప్పినారు గదా. మరా గీత సెరిపీసినోడెవుడు? ఆయనేనా, ఇంకోడా?"

నేను, "పెద్దయ్యా, రేపు చెబుతాను" అన్నాను. ఇరవై సంవత్సరాలు దాటినవి.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండుగనాడు, పోర్చుగల్‌లోని లిస్బన్ నగరంలో ప్రజలు దేవాలయాలలో ఉండగా భూకంపం వచ్చినది, తరువాత సముద్రం వచ్చినది, తరువాత అగ్ని. దాని మీద వోల్టేరు కావ్యం వ్రాసినాడు, యూరపు తత్త్వవేత్తలు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. వారిలో చాలామంది లిస్బన్‌ను చూడనివారు. మా పెద్దయ్య ప్రశ్నలో వాదం లేదు. గీత గీసినవాడు, చెరిపినవాడు ఒకడేనా అన్నదే ఆయనకు కావలసినది. ఇద్దరని చెప్పినట్లయితే సులభంగా ఉండేది. మంచిని చేసే దేవుడొకడు, చెరిపే శక్తి ఇంకొకటి అని నమ్మిన మతాలు లోకంలో ఉన్నవి. పునీత అగస్తీను యౌవనంలో అటువంటి మానీ మతంలో తొమ్మిది సంవత్సరాలు ఉండి బయటికి వచ్చినవాడు. ఆ సులభమైన మార్గం కతోలికులకు మూసుకొనిపోయి ఉన్నది. దృశ్యాదృశ్యాలన్నింటికీ ఒక్కడే కర్త అని 1215లో నాలుగవ లాటరన్ మహాసభ స్పష్టంగా ప్రకటించినది. కాబట్టి ఒకడే అని చెప్పవలెను. చెప్పిన తరువాత ఆ మాట బరువు మోయవలెను.

ఆ బరువును తేలిక చేసేవారు కొందరు ఉన్నారు. అదే ఉదయం తమిళనాడులోని వేళాంగణిలో తీరం మీద ఉన్న యాత్రికులు అనేకులు కొట్టుకొనిపోయినారు. దేవాలయంలో పూజలో ఉన్నవారు బతికినారు. దీనిని అద్భుతంగా చెప్పుకునే పత్రాలు ఇక్కడిదాకా వచ్చినవి. వేళాంగణి మాత మీద నాకున్న భక్తికి లోటు లేదు. అయినా ఆ వ్రాత నాకు రుచించలేదు. లోపలివారిని ఆమె కాపాడినదంటే, స్నానానికి ఒడ్డుకు వెళ్లిన తల్లులను, బిడ్డలను ఏమి చేసినట్లు? వారు కూడా ఆమె దగ్గరకే వచ్చినారు. బతికినవాడు కృతజ్ఞత చెప్పుకోవడం వేరు, చచ్చినవాడి మీద ఆ కృతజ్ఞతను సిద్ధాంతంగా నిలబెట్టడం వేరు.

భూగర్భశాస్త్రం చెప్పేది ఇంకొక మాట. భారత ఫలకం తూర్పుగా సాగి బర్మా ఫలకం క్రిందికి దిగుతున్నది. అది దిగేటప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న బురదను, ఇసుకను, రాతిని గోకి, మడతలుగా పైకి తోసినది. ఆ మడతల శిఖరాలే అండమాన్ ద్వీపాలు. 732 మీటర్ల ఎత్తు గల సాడిల్ పీక్ కూడా అటువంటి తోపుడు వల్ల లేచినదే. బారెన్ ద్వీపంలో ఇప్పటికీ రగిలే అగ్నిపర్వతానికి, బారాటాంగ్‌లో బుడబుడలాడే బురద గుట్టలకు మూలం ఆ తాకిడిలోనే ఉన్నది. ఆదికాండంలో మూడవనాడు నీరు ఒకచోటికి చేరి నేల కనిపించుగాక అని ఆజ్ఞ అయినది కదా. మా ద్వీపాల విషయంలో ఆ ఆజ్ఞ నెరవేరిన విధానం ఇది. ఏ కదలిక 2004లో సిప్పీఘాట్‌ను ముంచినదో, ఆ కదలిక లేకపోతే ముంచడానికి సిప్పీఘాటే ఉండేది కాదు. నేను పుట్టి పెరిగిన నేల భూకంపాల కూడిక.

శాస్త్రాన్ని తెచ్చి దివ్యగ్రంథానికి అతికించుతున్నానని ఎవరైనా అనుకోవచ్చు. విశ్వం ఆదిలో ఒక బిందువు నుండి విస్తరించినదని 1927, 1931 సంవత్సరాల వ్యాసాలలో ప్రతిపాదించిన జార్జి లెమైతర్ కతోలిక గురువే. 1951లో పన్నెండవ భక్తినాథ పాపుగారు ఆ సిద్ధాంతాన్ని సృష్టివాదానికి సాక్ష్యంగా ప్రస్తావించినప్పుడు, ఆ కలయిక లెమైతర్‌కే నచ్చలేదు. ఆయన జాగ్రత్త నాకు ఆదర్శం. ఫలకాలను గురించి ఆదికాండానికి తెలియదు, తెలియవలసిన పనీ లేదు. కాని ఆ పుటలో ఒక విశేషం ఉన్నది. మూడవనాడు దేవుడు చెట్లను తానుగా చేసి నాటడు. మొలిపించుమని నేలకు చెబుతాడు. ప్రాణులను పుట్టించుమని నీటికి, నేలకు చెబుతాడు. ఆజ్ఞ ఆయనది, పని సృష్టిది. పదమూడవ శతాబ్దిలో పునీత థామసు అక్వీనాసు దీనినే ఇంకొక విధంగా వివరించినాడు. దేవుడు సృష్టికి ఉనికిని మాత్రమే కాక, కారణమయ్యే గౌరవాన్ని కూడా ఇచ్చినాడని ఆయన భావం. రాయి రాయిగా పని చేయవలెను, అల అలగా పని చేయవలెను. అడుగడుగున యజమాని వచ్చి చేయిపట్టి ఆపే ఇంటిలో పనివాడికి గౌరవం ఉండదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశంలో సృష్టిని ముగిసిన వస్తువుగా కాక, ఇంకా దారిలో ఉన్న ప్రయాణికుడిగా చెప్పినారు. ఆ దారిలో కట్టడంతోపాటు కూలడం, పుట్టడంతోపాటు గిట్టడం ఉంటవని కూడా ఒప్పుకున్నారు.

ఈ మాటలు సత్యమని నేను నమ్ముతాను. అయితే బిడ్డను పోగొట్టుకున్న కార్ నికోబార్ తల్లి ముందు నిలబడి ఫలకాలను గురించో, గౌణకారణాలను గురించో మాట్లాడడం అమానుషం. సత్యమైన మాటకు కూడా వేళ ఉంటుంది.

నాకు కొంతవరకు ఆసరాగా నిలిచినది యోబు గ్రంథం. సర్వం కోల్పోయిన యోబు దేవుణ్ణి నిలదీసి అడుగుతాడు. చివరి అధ్యాయాలలో దేవుడు జవాబుకు బదులు ప్రశ్నలు వేస్తాడు. ముప్పది ఎనిమిదవ అధ్యాయంలో సముద్రపు ప్రస్తావన వస్తుంది. అక్కడ సముద్రం గర్భం నుండి ఉరికివచ్చిన శిశువు. మబ్బు దానికి పొత్తిలిగుడ్డ. దానికి తలుపులు, గడియలు పెట్టి ఇంతవరకే అన్నవాడు దేవుడు. ముందెన్నడో చదివినప్పుడు నేను గమనించినది తలుపులను, గడియలను మాత్రమే. సునామీ తరువాత చదివినప్పుడు పొత్తిలిగుడ్డ కనిపించినది. బబులోనువారికి చంపదగిన శత్రువైన సముద్రం యోబు దేవునికి ఎత్తుకోదగిన బిడ్డ. ఆ బిడ్డ అల్లరి ఎంత భయంకరమో ఆయనకు తెలియకపోలేదు. అయినా దానిని వెలివేయలేదు. చెలియలికట్ట కట్టినవాడు సముద్రానికి కూడా తండ్రే. మన పక్షాన మాత్రమే నిలబడి కట్టినవాడు కాడు. ఇది ఓదార్పు అవునో కాదో నేను చెప్పలేను.

ఆదికాండంలో ఇంకొక లోపం ఉన్నది. లోపమని నేనంటున్నాను, వ్యాఖ్యాతలు రహస్యమంటారు. ప్రతిదినపు పని చివర బాగున్నదని దేవుడు చూసినట్లు ఉంటుంది. హెబ్రీ మూలంలో రెండవనాడు మాత్రం ఆ మాట లేదు. రెండవనాటి పని నీటిని విభజించడం. అది మూడవనాడు నేల కనిపించిన తరువాత గాని ముగియలేదు కాబట్టి ఆ మెప్పు వాయిదా పడినదని యూదు పెద్దల వివరణ. నీటి పని ఒక్కరోజులో తేలలేదన్నమాట. ఏడవనాటికి సాయంకాలమూ ఉదయమూ అనే ముగింపు లేదు. పునీత అగస్తీను తన ఆత్మకథను ఆ అస్తమించని దినాన్ని తలచుకుంటూ ముగించినాడు. చివరి గ్రంథమైన దర్శనగ్రంథంలో నూతన భూమి మీద సముద్రమే ఉండదని ఉన్నది. వేటగాండ్ల పిల్లలకు ఆ వాక్యం వివరించడం నాకు చాలా కష్టమైనది. మరి చేపలెక్కడివని అడిగినారు. న్యాయమైన ప్రశ్న.

సిప్పీఘాట్‌కు నేను అప్పుడప్పుడు వెళ్తుంటాను. మునిగిన మొదటి సంవత్సరాలలో చచ్చిన కొబ్బరి మొదళ్లు నీటిలో వరుసగా నిలబడి ఉండేవి. ఆ వరుసను బట్టి ఒకప్పుడు అది ఎవరిదో తోట అని తెలిసేది. తరువాత పోటుతోపాటు మడచెట్ల గింజలు కొట్టుకొని వచ్చినవి. మడచెట్టు గింజ విచిత్రమైనది. తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ఈటెవలె క్రిందికి వేలాడి, రాలిన తరువాత బురద దొరికేదాకా తేలుతూ తిరుగుతుంది. వరిమళ్లలో మడచెట్లు లేచినవి. వాటి వేళ్ల మధ్య పీతలు, చేపపిల్లలు చేరినవి. వాటి కోసం కొంగలు, బుచ్చిగాళ్లు, ఈ ద్వీపాలకే చెందిన అండమాన్ టీల్ అనే బాతులు వచ్చినవి. ఇప్పుడు పక్షులను చూడడానికి దూరప్రాంతాలవారు కెమెరాలతో వస్తున్నారు. చోటు ముందు, ప్రాణి తరువాత అనే ఆదికాండ క్రమం కళ్లెదుట మళ్లీ జరిగినట్లే ఉంటుంది.

అందువల్ల అంతా మంచికే జరిగినదని నేననను. ఆ బాతులు ఈదుతున్నది ఒక రైతు చేనులో. ఆయన పట్టా ఇప్పటికీ ఏ పెట్టెలోనో ఉండి ఉంటుంది; దానిలోని సరిహద్దులు నీటి క్రింద ఉన్నవి. గరాచర్మలో 1978లో నెలకొల్పిన కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఉప్పునేలలను మళ్లీ సాగుకు తేవడానికి, ఉప్పుకు తట్టుకునే వరి రకాలను నిలబెట్టడానికి శ్రమించినారు. గట్లు పోసి, వాననీటితో ఉప్పు కడిగి, కొన్నిచోట్ల నేలను తిరిగి సంపాదించినారు. ఆదికాండం రెండవ అధ్యాయంలో మనిషిని తోటలో ఉంచినది దానిని సేద్యం చేయడానికి, కాపాడడానికి. గట్టుపోసే రైతు, నేలను పరీక్షించే శాస్త్రజ్ఞుడు చేసేది మూడవనాటి పనికి కొనసాగింపు అని నాకు తోచుతుంది. ఫ్రాన్సిసు పాపుగారు 2015లో లౌదాతో సీ అనే విశ్వలేఖలో ఈ రెండవ అధ్యాయాన్నే ముందుకు తెచ్చినారు. భూమిని లోబరచుకొనుమనే మొదటి అధ్యాయపు మాటను దోపిడికి అనుమతిగా చదువరాదని గట్టిగా చెప్పినారు. మా ద్వీపాలలో ఇళ్లు కట్టడానికి సంవత్సరాల తరబడి తీరాల ఇసుకనే త్రవ్వినారు. దానిని క్రమంగా ఆపివేయవలెనని సుప్రీం కోర్టు ఉత్తర్వు ఇచ్చినది 2002లో, సునామీకి రెండు సంవత్సరాల ముందు. గీతను ఎవరు చెరిపినారన్న పెద్దయ్య ప్రశ్నకు జవాబులో కొంతభాగం ఇక్కడ కూడా ఉన్నది. కొంతభాగమే. భూకంపాన్ని మనిషి తేలేదు.

సృష్టిక్రమాన్ని చదవడం గ్రంథం చేతబట్టినవారికే సాధ్యమని అనుకోవడం కూడా పొరపాటే. చిన్న అండమాన్‌లోని ఓంగీలు అప్పటికి సుమారు నూరుమంది గల జాతి. ఆ ఉదయం సముద్రం అకస్మాత్తుగా వెనుకకు పోవడం చూసి, పెద్దల నుండి విన్నదానిని బట్టి ఎత్తయిన చోటికి వెళ్లి బతికి బయటపడినారని అప్పటి వార్తలు తెలిపినవి. వెనుకకు పోయిన నీరు తిరిగి వస్తుందని వారి కథలు చెప్పినవి. మావాళ్లలో కొందరు బయటపడిన చేపలను ఏరుకోవడానికి దిగినారు.

పాస్కా జాగరణ రాత్రి దేవాలయంలో దీపాలన్నీ ఆర్పివేస్తారు. బయట కొత్త అగ్నిని వెలిగించి, ఆ అగ్నితో పెద్ద మైనపువత్తిని ముట్టించి, చీకటిలోకి తీసుకొని వస్తారు. ఒక్కొక్కరి చేతిలోని వత్తికి ఆ వెలుగు పాకుతుంది. తరువాత చదివే మొదటి పఠనం ఆదికాండపు మొదటి అధ్యాయమే. మా దగ్గర అది సామాన్యంగా హిందీలో చదువుతారు. నేను పెదవులు కదల్చకుండా తెలుగులో చెప్పుకుంటాను. వసంత విషువత్తు తరువాత వచ్చే పున్నమి దాటిన ఆదివారం పాస్కా పండుగ. కనుక ఆ రాత్రి చంద్రుడు పున్నమికో, అది దాటిన వారంలోనో ఉంటాడు. ఆ పున్నమి రోజులలో సిప్పీఘాట్‌లో నీరు బాగా ఎక్కుతుంది. రుతువులకు, పండుగలకు గుర్తుగా నాలుగవనాడు వేలాడదీసిన చిన్న దీపమే మా పండుగను నిర్ణయిస్తుంది, ఆ నీటినీ లేపుతుంది.

పెద్దయ్య పోయి కొంతకాలమైనది. ఆయన మనుమడు ఇప్పుడు డింగీ నడుపుతున్నాడు. అతని చేతిఫోనులో పోటు పాటుల పట్టిక ఉంటుంది. అయినా వేటకు బయలుదేరే ముందు ఒడ్డున నిలబడి, తాత నిలబడినట్లే, తడిసిన ఇసుక ఎంతదూరం ఉన్నదో ఒకసారి చూసుకుంటాడు. మొన్న నన్ను చూసి, "మాష్టారూ, ఈ పున్నానికి పోటు గట్టిగుంటాది, ఆ రోడ్డెమ్మట రాకండి" అని చెప్పి వెళ్లినాడు.